మే నెల ఎండల్లో స్కిజోఫ్రీనియా ప్యాచ్ వాడేవారి గురించి, సలహా కావాలి

ప్రశ్న: హనుమకొండ అక్క

అందరికీ నమస్కారం. మా తమ్ముడు అమెరికాలోని డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అతనికి స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నట్లు అక్కడి వైద్యులు నిర్ధారించి మొదట అసెనపిన్ అనే మందును నాలుక కింద పెట్టుకునే మాత్రగా ఇచ్చారు. మాత్ర చేదుగా ఉండడం, నోరంతా మొద్దుబారడం, రోజుకు రెండుసార్లు వేసుకోవలసి రావడం వల్ల ఇబ్బంది పడుతుంటే, అదే మందును చర్మంపై అంటించుకునే ప్యాచ్ రూపంలోకి మార్చారు. పేరు సెక్యువాడో. ప్రస్తుతం 24 గంటలకు 5.7 మిల్లీగ్రాముల ప్యాచ్ వాడుతున్నాడు. మందు మారిన తరువాత మాటలోనూ నిద్రలోనూ నిలకడ వచ్చిందని ఫోనులో మాట్లాడినప్పుడే మాకు తెలుస్తున్నది.

మా చిన్నాయన కూతురి పెళ్లి ఉండడం వల్ల అతను మే రెండో వారంలో ఇంటికి వచ్చి రెండు నెలలు ఉంటాడు. మాది పై అంతస్తు. స్లాబు వేడికి మధ్యాహ్నం అల్మారాలోని బట్టలు కూడా వెచ్చగా ఉంటాయి, పైగా కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము. ఈ వేడిలో ప్యాచ్‌లను ఎక్కడ దాచాలి, చెమటకు ఊడిపోతే ఏమి చేయాలి, స్నానం చేయవచ్చునా అనేవి నా మొదటి సందేహాలు. ఒళ్లు నొప్పులంటే కాపడం పెట్టడం, తలకూ ఒంటికీ కొబ్బరి నూనె రాయడం మా అమ్మకు అలవాటు. పెళ్లిలో నలుగు పెట్టే కార్యక్రమం కూడా ఉన్నది. ఫోటోలలో కనబడుతుందేమో, పెళ్లి రోజు తీసేస్తే ఏమవుతుందని బాపు అడుగుతున్నాడు. అమ్మేమో, అంటించుకున్నాడో లేదో రోజూ పొద్దున చొక్కా తీయించి చూడాలని అంటున్నది.

డాలస్‌లోని వైద్యురాలిని తమ్ముడు అడుగుతాడు. అయితే వరంగల్ ఎండ గురించి, మన ఇళ్ల అలవాట్ల గురించి తెలిసినవారు చెబితే మాకు ధైర్యంగా ఉంటుంది.

జవాబు: ఫార్మసిస్టు, కాజీపేట

అక్కగారూ, మీరు అడిగిన వాటిలో దాచడం గురించిన సంగతే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తున్నది, అందువల్ల ముందుగా అదే రాస్తున్నాను. ఈ ప్యాచ్‌లను 20 నుండి 25 డిగ్రీల మధ్య ఉంచాలనీ, ప్రయాణం వంటి సందర్భాలలో 15 నుండి 30 డిగ్రీల వరకు ఫరవాలేదనీ తయారీదారు సూచన. మే నెలలో మన పై అంతస్తు గదులు ఆ హద్దును మధ్యాహ్నం కాకముందే దాటుతాయి. అలాగని ఫ్రిజ్‌లో పెట్టకండి. ఫ్రిజ్‌లో ఉండేది 2 నుండి 8 డిగ్రీలు కాబట్టి అది కూడా హద్దుకు బయటే. మీ ఇంట్లోనో, దగ్గరి బంధువుల ఇంట్లోనో ఏసీ గది ఉంటే ఆ గదిలో కింది అరలో పెట్టండి. అదీ కుదరకపోతే కింది అంతస్తులో ఎండ సోకని లోపలి గది చూసుకుని, గోడకు తగిలించే చిన్న ఉష్ణోగ్రత మీటరు ఒకటి అక్కడ పెట్టుకోండి. కారు డాష్‌బోర్డులో, స్కూటీ డిక్కీలో మాత్రం ఒక్క గంట కూడా వదలకండి. విమానంలో వచ్చేటప్పుడు ప్రిస్క్రిప్షన్‌తో సహా, అసలు పెట్టెలోనే, చేతి సంచిలో తెచ్చుకోమనండి.

ప్రతి ప్యాచ్ విడివిడిగా ఒక సంచిలో వస్తుంది. అంటించుకునే నిమిషం వరకు ఆ సంచిని తెరవకూడదు. డోసు తగ్గించాలనో, చిన్నగా కనబడాలనో ప్యాచ్‌ను కత్తిరించకూడదు. ఒకసారికి ఒకటే ఉండాలి. నిన్నటిది తీయకుండా నేడు మరొకటి అంటించుకోవడం అనేది ప్యాచ్ మందులన్నిటిలోనూ సాధారణంగా జరిగే పొరపాటు, ఎందుకంటే వీపు పైభాగంలో ఉన్నది కంటికి కనబడదు.

అంటించే చోట్లు నాలుగు: భుజం కింద చేయి పైభాగం, వీపు పైభాగం, కడుపు, తుంటి. రోజుకొక చోటు మార్చాలి. వెంట్రుకలు తక్కువగా ఉండి, పుండు, దద్దురు, చెమటకాయలు లేని, శుభ్రమైన పొడి చర్మం కావాలి. వేసవిలో మనవాళ్లకు వీపుపై చెమటకాయలు లేకుండా ఉండవు, కాబట్టి ఈ రెండు నెలలు వీపు కన్నా చేయి, తుంటి మేలని నా అభిప్రాయం. బిగుతు బెల్టు, లుంగీ ముడి ఒరుసుకునే చోటు వద్దు. నూనె, పౌడరు, లోషను రాసిన చోట ప్యాచ్ నిలవదు. నలుగు పిండిలోనూ నూనె ఉంటుంది కదా, అందువల్ల ఆ రోజు నలుగు కాళ్లకూ ముంజేతులకూ పరిమితం చేసి, ప్యాచ్ తుంటిపై ఉండేలా చూసుకుంటే సరిపోతుంది.

చెమటకు అంచు లేస్తే అరచేతితో గట్టిగా అదిమి అంచులను సరిచేయాలి. పూర్తిగా ఊడిపోతే పాతదాన్ని టేపు వేసి నిలబెట్టకుండా కొత్తది అంటించాలి. అంటే లెక్కకు సరిగ్గా సరిపోయేటన్ని తెచ్చుకుంటే చాలదు, కొన్ని ఎక్కువగా ఉండాలి. షవరు స్నానానికి అభ్యంతరం లేదని సూచనలలో ఉన్నది, మన చెంబు స్నానం దానికి దగ్గరదే. ఈత, తొట్టి స్నానం వంటి వాటిని మాత్రం పరీక్షించి చూడలేదు. పెళ్లి తరువాత కాళేశ్వరం పోయి గోదావరిలో మునగాలని ఇంట్లో అనుకుంటే, మునగడం మానుకుని నీళ్లు తలపై చల్లుకోమనండి.

తీసిన ప్యాచ్‌లో ఇంకా మందు మిగిలి ఉంటుంది. జిగురు వైపులు ఒకదానికొకటి అంటుకునేలా మడిచి, పెళ్లి ఇంట్లోని చిన్న పిల్లలకూ పెంపుడు జంతువులకూ అందకుండా మూత ఉన్న చెత్తడబ్బాలో వేయాలి. అంటించినప్పుడూ తీసినప్పుడూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇంకొక మాట. స్కిజోఫ్రీనియాకు జపాన్‌లో బ్లోనాన్సెరిన్ అనే వేరే మందుతో ఒక ప్యాచ్ ఉన్నది. దాన్ని అంటించే చోట్లు వేరు, తీసిన తరువాత కూడా ఒకటి రెండు వారాలు ఆ చోటుకు ఎండ తగలకూడదనే నియమం దానికి ఉన్నది. వీడియోలలో ఈ రెండింటి సూచనలను కలిపి చెబుతున్నారు, మీ తమ్ముడి పెట్టెలోని కాగితమే మీకు ప్రమాణం.

జవాబు: మానసిక వైద్యుడు, వరంగల్

ఫార్మసిస్టు గారు చెప్పినవి సరిగా ఉన్నాయి. నేను మందు ఒంట్లోకి చేరిన తరువాతి సంగతి చెబుతాను. ఇక్కడ రాసేది సాధారణ సమాచారమే తప్ప మీ తమ్ముడిని చూసి చెప్పే వైద్యం కాదని గమనించగలరు.

సెక్యువాడోను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019 అక్టోబరులో పెద్దవారిలో స్కిజోఫ్రీనియా చికిత్సకు అనుమతించింది. 3.8, 5.7, 7.6 మిల్లీగ్రాములని మూడు మోతాదులు ఉన్నాయి. 3.8తో మొదలుపెట్టి, అవసరమైతే వారం తరువాత పెంచుతారు. చర్మం నుండి మందు నెమ్మదిగా, రోజంతా ఒకే తీరున రక్తంలోకి చేరడమే ఈ పద్ధతిలోని మేలు. ఆ తీరును చెడగొట్టేది వేడి. ప్యాచ్‌పై కాపడం సంచి, హెయిర్ డ్రయ్యరు, విద్యుత్ దుప్పటి వంటివి ఎక్కువసేపు తగిలితే చర్మం ఎక్కువ మందును పీల్చుకుని రక్తంలో దాని పరిమాణం పెరుగుతుంది. అందువల్ల అమ్మగారికి ఒక్కటే చెప్పండి: ప్యాచ్ ఉన్న చోట కాపడం లేదు, వేడి నూనె మర్దన లేదు, నొప్పి బామ్ లేదు. మిట్టమధ్యాహ్నం పెళ్లి పందిట్లో పొయ్యిల దగ్గర నిలబడే పని కూడా అతనికి అప్పగించవద్దు.

వేడి విషయంలో దీనికన్నా పెద్ద సంగతి మరొకటి ఉన్నది. ఇటువంటి మందులు శరీరం తన ఉష్ణోగ్రతను తాను అదుపు చేసుకునే శక్తిని తగ్గించగలవు. డాలస్‌లోనూ ఎండలు ఉంటాయి గానీ, అక్కడ ఇల్లు, కారు, ఆఫీసు అన్నీ చల్లగానే ఉంటాయి. ఇక్కడ అలా కాదు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు, మజ్జిగ తాగుతూ ఉండాలి, 11 గంటల నుండి 4 గంటల దాకా బయటి పనులు పెట్టుకోకూడదు. ఈ మందుకు నిలబడగానే రక్తపోటు పడిపోయే గుణం కూడా ఉన్నది. ఒంట్లో నీరు తగ్గితే అది మరింత ఎక్కువవుతుంది. పెళ్లిలో కింద బంతిలో కూర్చుని భోజనం చేసి గబుక్కున లేచినప్పుడు కళ్లు తిరిగి పడే ప్రమాదం ఉంటుంది, కాబట్టి నెమ్మదిగా, ఏదైనా పట్టుకుని లేవమనండి.

ఇక మీరంతా గుర్తుంచుకోవలసినది జ్వరం గురించి. ఒళ్లు కాలిపోయే జ్వరం, కండరాలు కర్రలా బిగుసుకుపోవడం, తికమకగా మాట్లాడడం, విపరీతమైన చెమట, గుండె వేగం పెరగడం కలిసి కనబడితే అది ఇటువంటి మందుల వల్ల వచ్చే న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అనే దుష్ప్రభావం కావచ్చు. అరుదుగా వచ్చేదే అయినా ప్రాణాంతకం. మే నెలలో వరంగల్‌లో ఎవరు చూసినా దీన్ని వడదెబ్బ అనే అంటారు. వడదెబ్బ కూడా అంతే ప్రమాదకరం కాబట్టి ఏది ఏమిటని ఇంట్లో తేల్చుకునే ప్రయత్నం చేయకండి. ప్యాచ్ తీసేసి, ఒళ్లు చల్లబరుస్తూ, 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోండి. అక్కడ మొదటి మాటగా అసెనపిన్ ప్యాచ్ వాడుతున్నాడని చెప్పండి, తీసిన ప్యాచ్‌నూ దాని సంచినీ వెంట తీసుకుపోండి. ఈ మాట చెప్పకపోతే అక్కడి వైద్యుడికి తట్టే అవకాశం తక్కువ, ఎందుకంటే మన దగ్గర ప్యాచ్ రూపంలో ఈ మందు వాడేవారు చాలా అరుదు.

ప్యాచ్ తీయగానే మందు ప్రభావం ఆగిపోదు. తీసిన తరువాత రక్తంలోని మందు సగానికి తగ్గడానికే దాదాపు 30 గంటలు పడుతుంది. మీ బాపు అడిగిన ప్రశ్నకు కూడా జవాబు ఇందులోనే ఉన్నది. ఒక రోజు తీసేసినా ఏమీ కాలేదనిపిస్తుంది, అదే ధైర్యంతో మరొక రోజు తీస్తారు, అప్పటికి మందు తగ్గిపోయి ఉంటుంది. పైగా పెళ్లిలో నిద్ర చాలదు, చప్పుడు, జనం, పలకరింపులు ఎక్కువ, జబ్బు తిరగబెట్టడానికి అనువైన రోజులవి. ఫోటోల కోసం తీయనవసరం లేదు. కడుపుపైనో తుంటిపైనో అంటించుకుంటే షేర్వాణీ కింద ఎవరికి కనబడుతుంది?

ప్యాచ్ కింద కొద్దిగా ఎర్రబడడం, దురద సాధారణం. మంట పుడితే దాన్ని తీసి వేరే చోట కొత్తది అంటించాలి. బొబ్బలు వచ్చినా, ఎర్రదనం తగ్గకపోయినా, ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వైద్యుడికి చూపించాలి. ఒకచోట కూర్చోలేక వరండాలో అటూ ఇటూ తిరగడం, కూర్చున్నా కాళ్లు ఊపుతూనే ఉండడం కనబడితే జబ్బు ముదిరిందని అనుకోకండి. అది అకథీజియా అనే మందు ప్రభావం కావచ్చు, చికిత్స ఉన్నది. ఎక్కువ కాలం వాడేవారిలో పెదవులు, నాలుక, దవడ వాటంతట అవే కదలడాన్ని కూడా వెంటనే చెప్పాలి. బరువు, రక్తంలో చక్కెర, కొవ్వు పరీక్షలు డాలస్‌లో ఎప్పుడు జరిగాయో కనుక్కుని కాగితాలు తెమ్మనండి. కాలేయం తీవ్రంగా దెబ్బతిన్నవారికి ఈ మందు అసలు ఇవ్వకూడదు.

చివరగా, అతను రాగానే ఇక్కడ ఒక మానసిక వైద్యుడిని ఒకసారి కలవండి. ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉన్నది. ప్యాచ్‌లు వేడికి పాడైనా, అయిపోయినా ఏమి చేయాలో ముందే నిర్ణయించుకోవాలి. 3.8 ప్యాచ్ రోజుకు రెండుసార్లు వేసుకునే 5 మిల్లీగ్రాముల నాలుక కింది మాత్రకూ, 7.6 ప్యాచ్ రెండుసార్లు వేసుకునే 10 మిల్లీగ్రాములకూ సుమారుగా సమానం. మీ తమ్ముడిది మధ్యస్థ మోతాదు కాబట్టి ఏ మాత్ర ఎంత అనేది వైద్యుడే తేల్చాలి. ఆ మాత్ర మన దేశంలో దొరుకుతుంది. అయితే దాన్ని మింగితే దాదాపు పనిచేయదు. నాలుక కింద పూర్తిగా కరగనిచ్చి, ఆపై 10 నిమిషాలు నీళ్లు కూడా తాగకూడదు.

జవాబు: కరీంనగర్ తండ్రి

డాక్టరు గారూ, ఈ చర్చ చదివి అడుగుతున్నాను. మా అబ్బాయి మాత్రలు వేసుకున్నట్లే వేసుకుని బయటికి పోయి ఉమ్మేస్తున్నాడు. ఇటువంటి ప్యాచ్ అయితే మా బాధ తీరుతుందా? అలాగే మా అత్తమ్మకు 80 ఏళ్లు, మతిమరుపు జబ్బు. రాత్రిళ్లు ఎవరో వచ్చారని కేకలు వేస్తుంది. ఆమెకు కూడా ఇది పనికివస్తుందా?

జవాబు: మానసిక వైద్యుడు, వరంగల్

అత్తమ్మగారి విషయం ముందు చెబుతాను, ఎందుకంటే అది ప్రమాదంతో కూడినది. మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధులలో ఇటువంటి మందుల వల్ల మరణాలు పెరుగుతాయని ఈ ప్యాచ్ లేబులుపై అన్నిటికన్నా పైన, గడి గీసి హెచ్చరిక ముద్రించారు. ఆమె కోసం దీన్ని వాడకూడదు. రాత్రి కేకలకు మూత్రంలో ఇన్‌ఫెక్షను, మలబద్ధకం, నొప్పి, చూపు తగ్గడం వంటి కారణాలు ఉండవచ్చు, అవి ముందు చూపించండి.

మీ అబ్బాయి మాత్ర ఎందుకు ఉమ్మేస్తున్నాడో అతన్ని ఎవరైనా నింపాదిగా అడిగారా? నిద్ర మత్తు, బరువు పెరగడం, చెప్పుకోలేని లైంగిక ఇబ్బంది, లేదా తనకు జబ్బే లేదనే నమ్మకం, వీటిలో ఏది కారణమైతే దానికి తగిన దారి వేరు. ప్యాచ్ కంటికి కనబడుతుంది గనుక వేసుకున్నదీ లేనిదీ తెలుస్తుంది, అంతవరకు నిజమే, కానీ వద్దనుకున్నవాడు మాత్రను ఉమ్మేసినంత సులువుగా దాన్ని పీకేయగలడు. రోజూ మందు అనే గొడవ లేకుండా ఉండాలంటే కొన్ని వారాలకొకసారి ఇచ్చే ఇంజెక్షన్లు మన దగ్గర ఎప్పటినుండో ఉన్నాయి. అబ్బాయిని వెంటబెట్టుకుని పోయి, అతని ముందే వాటి గురించి అడగండి. వైద్యుడి దగ్గరికి రానంటే 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్ ఉచిత సేవ, ఎలా మాట్లాడాలో మీకు చెబుతారు.

జవాబు: మంచిర్యాల పాఠకుడు

నేను ఇదే జబ్బుకు చాలా ఏళ్లుగా మందు వాడుతున్నవాడిని. నాది ప్యాచ్ కాదు, మాత్రలే. అక్కగారు రాసినదానిలో చొక్కా తీయించి చూడడం అనే మాట దగ్గర ఆగిపోయాను. మీ తమ్ముడు డాలస్‌లో ఒంటరిగా ఉంటూ, ఉద్యోగం చేసుకుంటూ, రోజూ తనంతట తాను ప్యాచ్ మార్చుకుంటున్న మనిషి. ఇంటికి వచ్చిన మరునాడే అమ్మ ముందు చొక్కా విప్పి నిలబడవలసి వస్తే, ఆ ప్యాచ్ అతనికి మందుగా కాక తనిఖీ ముద్రగా కనబడుతుంది. పెళ్లి ఇల్లు కాబట్టి అదంతా చూసేవాళ్లు కూడా ఉంటారు.

మా ఇంట్లో చేసిన పద్ధతి చెబుతాను. క్యాలెండరులో ఆ రోజు గడిలో నేనే పెన్నుతో గీత పెడతాను. గీత లేకపోతే మా చెల్లె ఒకసారి గుర్తు చేస్తుంది, అంతే. ప్యాచ్ అయితే గీతకు బదులు ఎక్కడ అంటించుకున్నదీ రాసుకోవచ్చు: కుడి చేయి, ఎడమ తుంటి, అలా. చోటు మార్చవలసిన లెక్క కూడా దానితోనే తేలుతుంది. గుర్తు చేసే మనిషి ఎవరో అతన్నే ఎంచుకోనివ్వండి. చుట్టాలకు ఏమి చెప్పాలి, అసలు చెప్పాలా వద్దా అనేది కూడా అతను రాకముందే ఫోనులో అడిగి పెట్టుకుంటే మంచిది. తన చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అతనికి ఉన్నది.

తిరిగి: హనుమకొండ అక్క

అందరికీ ధన్యవాదాలు. తమ్ముడికి ఈ చర్చ పంపాను. క్యాలెండరు పద్ధతి తనకు నచ్చిందని, గుర్తు చేసే పని నాకు ఇస్తున్నానని అన్నాడు. ప్యాచ్‌లు కింది అంతస్తులో అద్దెకుంటున్నవారి ఏసీ గదిలో పెట్టడానికి ఒప్పుకున్నారు. మందులని మాత్రమే చెప్పాము, ఏ మందులో చెప్పలేదు. ఇంకొక సందేహం మిగిలింది. అతను ఎప్పుడు వచ్చినా మొదటి వారంలో విరేచనాలు అవుతాయి. బాపు మెడికల్ షాపుకు పోయి ఏదో ఒక బిళ్ల తెస్తాడు. అవి ఈ మందుతో పడతాయా?

జవాబు: ఫార్మసిస్టు, కాజీపేట

మంచి ప్రశ్న అడిగారు. విరేచనాలకు మన దగ్గర చీటీ లేకుండానే అడిగి తీసుకునే యాంటీబయాటిక్ సిప్రోఫ్లాక్సాసిన్. అసెనపిన్‌ను విడగొట్టే ఒక ఎంజైమును అది అడ్డుకుంటుంది, దానితో రక్తంలో అసెనపిన్ పెరగవచ్చు. ఫ్లువాక్సమిన్ అనే మానసిక మందుతో కూడా ఇదే చిక్కు. అసెనపిన్‌కు గుండె విద్యుత్ లయలో క్యూటీ అనే విరామాన్ని పొడిగించే గుణం ఉన్నది, వాంతులకు వాడే ఆన్‌డాన్‌సెట్రాన్, యాంటీబయాటిక్‌లలో అజిత్రోమైసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ కూడా అదే పని చేస్తాయి. వీటిలో దేన్నీ వైద్యుడిని అడగకుండా కలపకండి. బీపీ మాత్రలు, మద్యం, నిద్ర మాత్రలు కూడా ఆ జాబితాలోవే.

ఓఆర్‌ఎస్ పొట్లాలు మాత్రం ఇంట్లో సిద్ధంగా ఉంచుకుని, మొదటి విరేచనం నుండే తాగించండి, ఈ మందు వాడేవారి ఒంట్లో నీరు తగ్గనివ్వకూడదని డాక్టరు గారు చెప్పారు కదా. జ్వరం ఉన్నా, రక్తం పడినా, ఒక రోజులో తగ్గకపోయినా వైద్యుడి దగ్గరికి పోవాలి. బాపుగారు షాపుకు పోయినప్పుడు చూపించడానికి వీలుగా, ప్యాచ్ పెట్టె ముందు భాగాన్ని ఫోటో తీసి ఆయన ఫోనులో పెట్టండి. మందు పేరు నోటితో చెబితే నాలాంటివాడు కూడా పొరబడవచ్చు, ఫోటో చూస్తే పొరబడడు.